స్పెన్సర్స్ క్రీక్ లెక్కలు: కాన్‌బెర్రా నుంచి ఒక స్నో సీజన్

మే ఆఖరు

నోట్‌బుక్‌లో ఈసారి గళ్లు మార్చాను. ఇదివరకు మొదటి గడిలో "ఎన్ని సెంటీమీటర్లు పడుతుందంటున్నారు" అని ఉండేది. ఇప్పుడు మొదటి గడి ఫ్రీజింగ్ లెవెల్‌ది, అంటే పైన గాలి ఏ ఎత్తులో సున్నా డిగ్రీలకు దిగుతుందో ఆ అంకె. రెండోది గాలి దిక్కు. మూడోది ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లు రాబోతున్నాయో. సెంటీమీటర్లు చివరి గడికి వెళ్లిపోయాయి.

కారణం ఒకటే. ఇక్కడి కొండలు పొట్టివి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అన్నిటికంటే ఎత్తైన కోజియస్కో 2,228 మీటర్లు. స్కీ రిసార్టుల్లో పెరిషర్ సుమారు 1,720 మీటర్ల దగ్గర, థ్రెడ్‌బో ఊరు 1,365 దగ్గర. చలికాలం (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా) వాతావరణ మార్పుల్లో సున్నా డిగ్రీల గీత సరిగ్గా ఈ ఎత్తుల మధ్యే పైకీ కిందికీ ఊగుతుంటుంది. దక్షిణ సముద్రం మీంచి నీళ్లు రావడం పెద్ద సమస్య కాదు. అవి స్నోగా దిగుతాయా, వానగా దిగుతాయా అన్నదే మొత్తం కథ. ఒక్క డిగ్రీ తేడాలో అరమీటరు స్నో రావచ్చు, లేదంటే ఉన్నది కూడా కొట్టుకుపోవచ్చు.

కొత్తగా ఈ పిచ్చిలో పడినవాళ్ల కోసం: మా అందరి కొలబద్ద స్పెన్సర్స్ క్రీక్. పెరిషర్‌కీ, షార్లట్ పాస్ అనే ఇంకో రిసార్టుకీ మధ్య, 1,830 మీటర్ల ఎత్తులో ఉంది. జలవిద్యుత్ సంస్థ స్నోయీ హైడ్రో వాళ్లు 1954 నుంచీ అక్కడ చలికాలమంతా ఇంచుమించు వారానికోసారి స్నో లోతు కొలుస్తున్నారు. వసంతంలో కరిగి డ్యాముల్లోకి ఎన్ని నీళ్లు వస్తాయో తెలిస్తేనే కరెంటు లెక్కలు కుదురుతాయి కదా, అందుకని. స్కీ రిసార్టులు చెప్పే లోతుల కన్నా నాకు ఈ అంకె మీదే గురి. దానికి టికెట్లు అమ్ముకునే పని లేదు. ఇంకా కిందుగా డీప్ క్రీక్ (1,620 మీ.), త్రీ మైల్ డ్యామ్ (1,460 మీ.) కూడా ఉన్నాయి. మూడు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే ఆ వారం స్నో గీత ఎక్కడ ఆగిందో దానంతట అదే కనబడుతుంది.

మా ఆఫీసులో ఏటా ఒక బిర్యానీ పందెం ఉంటుంది. స్పెన్సర్స్ క్రీక్‌లో ఈ సీజన్ గరిష్ఠ లోతు ఎంతో జూన్ లాంగ్ వీకెండ్‌లోపు చెప్పాలి. మామూలుగా రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే అంకె చెబితే పరువు దక్కుతుంది. కానీ చరిత్ర చూస్తే ధైర్యం చాలదు. 1981లో 361 సెంటీమీటర్లు, 2006లో 85 దగ్గరే ఆగిపోయింది. 2017లో మళ్లీ 240 దాటింది. నేను 175 రాశాను. పిసినారి అంకె అన్నారు. అననీ.

జూన్, లాంగ్ వీకెండ్

రాజుగారి పుట్టినరోజు సెలవుతో స్కీ సీజన్ అధికారికంగా మొదలవుతుంది. స్నో ఉందా లేదా అన్నది వేరే సంగతి. చాలా ఏళ్లు పచ్చగడ్డి మధ్య మెషీన్ స్నోతో వేసిన ఒక తెల్ల చార మీదే రిబ్బను కత్తిరిస్తారు.

ఈ వారం వచ్చిన ఫ్రంట్ (వెచ్చటి గాలిని తోసుకుంటూ వచ్చే చల్లగాలి అంచు) పాఠంలాంటిది. ముందు వాయవ్య గాలి. అది లోపలి ఎడారుల వైపు నుంచి వస్తుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. ఫ్రీజింగ్ లెవెల్ 2,200. వెబ్‌క్యామ్‌లో వాన చినుకులు. ఫ్రంట్ దాటగానే గాలి నైరుతికి తిరిగింది, కొన్ని గంటల్లో లెవెల్ 1,500కి పడిపోయింది. స్నో సాధారణంగా ఈ గీతకు రెండు మూడు వందల మీటర్ల కింది దాకా కరగకుండా దిగుతుంది. అంటే 1,200 వరకు తెల్లబడాలి. పొద్దున లేచి చూస్తే కాన్‌బెర్రా పక్కనే బ్రిందబెల్లా కొండల పైభాగం తెల్లగా ఉంది. మౌంట్ ఫ్రాంక్లిన్ రోడ్డు మూసేశారు. నోట్‌బుక్‌లో టిక్కు.

వాతావరణాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు ఏవి చూడాలని అడుగుతుంటారు. వారం ముందు నేను యూరోపియన్ మోడల్‌నే పట్టుకుంటాను. మూడు రోజుల్లోపు ఇక్కడి వాతావరణ శాఖ, అంటే బ్యూరో, సొంత మోడల్ యాక్సెస్‌ను కూడా తెరిచి, రెండూ ఒప్పుకుంటున్నాయా అని చూస్తాను. అమెరికన్ మోడల్ పది రోజుల ముందే మీటరు స్నో చూపించి ఊరిస్తుంది. దాన్ని చూడ్డం సరదా, నమ్మడం దండగ. ఆ మ్యాపుల్లో గాలి పీడనం 850 హెక్టాపాస్కల్ ఉండే చోటి ఉష్ణోగ్రత ముఖ్యం, అది దాదాపు 1,450 మీటర్ల ఎత్తు. అక్కడ మైనస్ రెండు ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు. సున్నా ఉంటే టెన్షన్.

ఒక చిన్న సంగతి, తరచూ పనికొస్తుంది. థర్మామీటర్ 2 డిగ్రీలు చూపించినా గాలి పొడిగా ఉంటే ఆశ వదలక్కర్లేదు. తేమ 60 శాతం ఉంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది, సున్నాకు కాస్త కిందే ఉంటుంది. పడే స్నో కొంత ఆవిరై గాలిని చల్లబరుచుకుంటూ దిగుతుంది. స్నో గన్నులు నడిపేవాళ్లు కూడా చూసేది ఈ వెట్ బల్బునే. మైనస్ రెండు కిందికి దిగితేనే పని సాగుతుంది.

జూలై మొదటి సగం

ఏమీ లేదు. పైన అధిక పీడనం గుడారం వేసుకు కూర్చుంది. రాత్రుళ్లు గడ్డకట్టే చలి, పగలు ఎండ. సదరన్ ఆన్యులర్ మోడ్ పాజిటివ్‌లో ఉంది, అంటే పడమటి గాలుల పట్టీ దక్షిణ ధ్రువం వైపు ముడుచుకుపోయింది, ఫ్రంటులు టాస్మానియా కిందనుంచే జారిపోతున్నాయి. అది నెగటివ్‌కి తిరిగితే పట్టీ ఉత్తరానికి జరుగుతుంది, మనకు వరసగా ఫ్రంటులు తగులుతాయి. చలికాలంలో నేను ఎల్ నినో వార్తల కన్నా దీన్నే ఎక్కువ చూస్తాను.

స్నో పడకపోయినా ఖాళీగా కూర్చోలేదు. పైపు తయారుచేశాను.

జూలై రెండో సగం: పైపు

లోతు ఒక్కటే కొలిస్తే సగం సంగతే తెలుస్తుంది. హైడ్రో వాళ్లకు కావలసింది అందులో నీళ్లెన్ని అన్నది. దానికి గొట్టాన్ని నిలువుగా నేల దాకా దించి, లోపల నిలిచిన స్నోను తూకం వేస్తారు. ఇంట్లో అది చేయడం కష్టమేం కాదు. హార్డ్‌వేర్ షాపులో డ్రైనేజీకి వాడే పీవీసీ పైపు మీటరు ముక్క కొన్నాను. లోపలి వ్యాసం పది సెంటీమీటర్లు. ఒక చివర హాక్సాతో పళ్లు కోశాను, ఐసు పొర తగిలినప్పుడు తిప్పుతూ దించడానికి. బయట టేపు అంటించి సెంటీమీటర్ల గుర్తులు పెట్టాను. అడుగున అట్టుకాడ దూర్చితే స్నో జారిపోకుండా పైకొస్తుంది. వంటింటి త్రాసు ఐదు కిలోల దాకా తూస్తుంది. అట్టుకాడ విషయంలో ఇంట్లో చిన్న చర్చ జరిగింది. ఇప్పుడు నాకు వేరే అట్టుకాడ ఉంది.

లెక్క ఇలా. పైపు అడ్డుకోత వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. స్నో బరువును గ్రాముల్లో తీసుకుని 78.5తో భాగిస్తే, కరిగితే ఎన్ని సెంటీమీటర్ల నీళ్లవుతాయో వస్తుంది.

సాధనం మారగానే స్నో కూడా వచ్చింది. మొదటి ఫ్రంట్ తర్వాత పెరిషర్ దగ్గర, స్కీ దారులకు దూరంగా, స్నో గమ్ చెట్ల వెనక గాలి తగలని చోట కొలిచాను. కొత్త స్నో 20 సెంటీమీటర్లు, బరువు 314 గ్రాములు. అంటే నాలుగు సెంటీమీటర్ల నీళ్లు. సెంటీమీటరు నీటికి పది సెంటీమీటర్ల స్నో అని పుస్తకాల్లో ఉంటుంది, ఇక్కడ ఐదే వచ్చింది. సున్నాకు దగ్గరగా పడే ఆస్ట్రేలియా స్నో తరచూ ఇలాగే ఉంటుంది. నానబెట్టిన అటుకుల్లా బరువుగా, పిడికిట్లో పట్టగానే ముద్దవుతుంది. తర్వాతి ఫ్రంట్ చల్లనిది, 850 దగ్గర మైనస్ ఐదు. అప్పుడు 22 సెంటీమీటర్లకు 190 గ్రాములే. పొడి స్నో. స్కీయర్లు ఎగిరి గంతేశారు కానీ నాకు బరువైనదే ఇష్టం. మొదట్లో పడిన బరువు స్నో గడ్డి మీదా రాళ్ల మీదా అంటుకుపోయి అడుగు పొరగా నిలుస్తుంది. పొడిది మర్నాటి గాలికి పక్క లోయలోకి పోతుంది.

గాలిలేని చోటు దొరకడమే ఇందులో అసలు పని. వంద కిలోమీటర్ల గాలి వీచే శిఖరాల మీద కొలిచి లాభం లేదు. ఒకచోట రాళ్లు తేలి ఉంటాయి, పది అడుగుల అవతల నిలువెత్తు దిబ్బ. అందుకే ఒకే చోట కాకుండా కొంచెం దూరం దూరంగా చాలాసార్లు దించి సగటు తీయాలి.

మా అమ్మ నల్గొండ నుంచి వీడియో కాల్‌లో ఉంటే, పక్క స్క్రీన్ మీద స్నో కొలిచే కర్ర వెబ్‌క్యామ్ చూపించాను. "గంట నుంచి ఆ కట్టెనే చూస్తున్నవేందిరా, అది యాడికన్న పోతదా?" అంది.

ఆగస్టు: ఫోన్లు

సిడ్నీలో టూంగాబీ, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉన్న మనవాళ్ల ఫోన్లు ఈ నెలలో ఎక్కువ. "అన్నా, ఈ వీకెండ్ స్నో పడుతుందా? పిల్లలకు చూపించాలి." పడేది చూడాలా, పడినది చూడాలా అని నేను ముందు అడుగుతాను. రెండూ వేర్వేరు ప్రయాణాలు. చిన్నపిల్లలతో అయితే ఫ్రంట్ దాటిన మర్నాడు, ఎండ కాసే రోజు రమ్మంటాను. పడుతుండగా వస్తే పిల్లలు కారులోంచి దిగరు, పెద్దవాళ్లు రోడ్డు మీంచి కళ్లు తిప్పరు.

అందరికీ చెప్పేవి ఇక్కడా రాసి పెడుతున్నాను. సిడ్నీ నుంచి కొండల కింది ఊరు జిందబైన్‌కు ఐదున్నర, ఆరు గంటల దారి. కాన్‌బెర్రా నుంచి రెండు గంటల పైచిలుకు. న్యూ సౌత్ వేల్స్‌లో జూన్ లాంగ్ వీకెండ్ నుంచి అక్టోబర్ లాంగ్ వీకెండ్ దాకా, కోజియస్కో నేషనల్ పార్కులో మంచులో జారకుండా టైర్లకు చుట్టే చెయిన్లు తప్పనిసరి చేసిన రోడ్ల మీద టూ వీల్ డ్రైవ్ కార్లన్నీ వాటిని వెంట ఉంచుకోవాలి, ఆకాశం నీలంగా ఉన్నా సరే. విక్టోరియాలో హోథమ్, ఫాల్స్ క్రీక్, బుల్లర్ రిసార్టుల వైపు వెళ్తే ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్లకూ ఆ రూల్ ఉంది. చెయిన్లు కూమాలోనో జిందబైన్‌లోనో అద్దెకు దొరుకుతాయి. తీసుకున్నచోటే ఒకసారి వేసి చూపించమనండి. ఇంజిన్ ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే వేయాలి. స్పీడు 40 దాటకూడదు. డీజిల్ కారైతే సిడ్నీలో ట్యాంకు నింపుకుని రావద్దు. మామూలు డీజిల్ ఆ చలికి మైనంలా చిక్కబడి పొద్దున బండి స్టార్ట్ కాదు. సగం ఖాళీతో వచ్చి జిందబైన్‌లో చలికి చిక్కబడని ఆల్పైన్ డీజిల్ పోయించుకోండి. పైన పార్క్ చేశాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, బిగుసుకుపోతుంది. గేరులో ఉంచి, వైపర్లు పైకెత్తి పెట్టండి. ఇదంతా తలనొప్పి అనుకుంటే బుల్లక్స్ ఫ్లాట్ దగ్గర కారు వదిలి, స్కీట్యూబ్ రైలెక్కి సొరంగంలోంచి పెరిషర్‌లో తేలండి. అక్కడిదాకా చెయిన్లు అక్కర్లేదు. కూమా నుంచి జిందబైన్ మధ్య మునిమాపు వేళ కంగారూలుంటాయి, చీకటి పడకముందే ఆ రోడ్డు దాటేయండి.

జీన్స్ వేసుకొచ్చి మంచులో కూర్చునేవాళ్లకు ఎంత చెప్పినా వినరు. అది వదిలేశాను.

ఈ నెలలో నాకు భయం వేడి గురించే. 2024 ఆగస్టు ఆస్ట్రేలియా మొత్తానికి రికార్డుల్లోకెల్లా వేడైన ఆగస్టు. ఆ దెబ్బకు చాలా రిసార్టులు సీజన్‌ను ముందే ముగించాయి. అలాగని చలి పూర్తిగా పోయిందా అంటే, 2025 ఆగస్టు మొదట్లో ఎక్కడో ఉత్తరాన గైరా, ఆర్మిడేల్ పీఠభూమి మీద దశాబ్దాలుగా చూడనంత స్నో పడి రోడ్లు మూతపడ్డాయి. మన కొండల్లో (వీటిని ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ అంటారు) పడాల్సింది అక్కడ పడిందని ఇక్కడివాళ్లు కొందరు అలిగారు కూడా. ఇక చలి అంటే షార్లట్ పాస్ పేరే చెప్పాలి, 1994 జూన్ 29న అక్కడ నమోదైన మైనస్ 23 డిగ్రీలే దేశం రికార్డు.

ఈ ఏడు ఆగస్టు మధ్యలో వాయవ్యం నుంచి మేఘాల పట్టీ వచ్చింది, హిందూ మహాసముద్రం తేమతో. నీళ్లు బోలెడు, ఫ్రీజింగ్ లెవెల్ 2,000 పైన. రెండు రోజులు వాన. అందరూ తలలు పట్టుకున్నారు.

సెప్టెంబర్

ఆ వాన తర్వాత స్పెన్సర్స్ క్రీక్ లోతు తగ్గింది. సీజన్ అయిపోయిందన్నారు. నేను పైపు పట్టుకుని వెళ్లాను. 90 సెంటీమీటర్ల నిలువు ముక్క మూడు కిలోల నూట ఎనభై గ్రాములు తూగింది. దగ్గర దగ్గర నలభై సెంటీమీటర్ల నీళ్లు, సాంద్రత 0.45. స్నో కరిగిపోలేదు, కుంగి బిగిసింది. వాన నీళ్లలో కొంత దాని కడుపులోనే ఉండిపోయింది. లోతు పడిపోయిన వారంలోనే నీళ్ల లెక్క పెరిగిందన్నమాట. ఇలాంటి బరువైన స్నో తొందరగా పోదు. తర్వాత చల్లని ఫ్రంట్ ఒకటి వచ్చి పైన కొత్త పొర వేసింది, మామూలుగా వచ్చేట్టే ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదళ్ల మధ్యే గరిష్ఠం వచ్చింది.

పందెం నేను గెలవలేదు. అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ, జీవితంలో స్నో మ్యాప్ తెరవని మనిషి, పుట్టినరోజు తేదీలు కూడి చెప్పిన అంకె అందరికన్నా దగ్గరగా వచ్చింది. మటన్ బిర్యానీయే కావాలంది.

వచ్చే సీజన్‌కు చేయాల్సినవి: పైపు మీటరున్నర ఉండాలి, రెండు ముక్కలుగా కలిపేలా, లేకపోతే కారులో పట్టదు. వంటింటి త్రాసు చలికి మొరాయిస్తోంది, కొక్కెంతో వేలాడదీసే స్ప్రింగ్ త్రాసు చూడాలి. నోట్‌బుక్‌లో వెట్ బల్బుకు విడిగా గడి గీయాలి. చెయిన్లు కడిగి, ఆరబెట్టి, నూనె రాసి గ్యారేజీలో పెట్టాను. రోడ్ల మీది ఉప్పు వాటికి పడదు.