నాలుగు డిగ్రీల నీళ్ళలో చేతివేళ్ళు

మే మూడో వారం. రాజమహేంద్రవరం నుంచి అమ్మ ఫోను. అప్పుడే ఆవకాయ జాడీకి వాసెన కట్టి కూర్చున్నానంది. "కృత్తిక కార్తె నిప్పులు చెరుగుతోంది నాయనా, నీకేం, చల్లగా ఉన్నావు" అంది. ఆ సమయానికి నేను కెనడాలో టోబర్మొరీ రేవులో, పడవ మీద రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాను. వరంగల్ మిత్రుడు నా మెడకు పౌడరు రాసి, డ్రై సూట్ (ఒంటికి నీళ్ళు తగలనివ్వని డైవింగ్ దుస్తు) రబ్బరు పట్టీని సర్దుతున్నాడు. నాకూ వాసెన కడుతున్నారని చెబితే అమ్మకు అర్థమయ్యేలా లేదు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

టొరంటో నుంచి వాయవ్యంగా దాదాపు 300 కిలోమీటర్లు వెళితే బ్రూస్ ద్వీపకల్పం కొస వస్తుంది. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. ఒక పక్క హ్యూరాన్ సరస్సు, మరో పక్క దానిలోదే అయిన జార్జియన్ బే. సముద్రంలా కనిపిస్తుంది గాని నోట్లో పోసుకుంటే మంచినీళ్ళే. ఈ నీళ్ళ కింద ఇరవైకి పైగా ఓడల శిథిలాలు ఉన్నాయి. 1987లో దీన్ని ఫాథమ్ ఫైవ్ జాతీయ మెరైన్ పార్కుగా చేశారు. డైవింగ్ చేసేవాళ్ళు ముందుగా పార్కు కేంద్రంలో నమోదు చేసుకోవాలి. విక్టోరియా డే సెలవు కలిసిరావడంతో నలుగురం బయలుదేరాం. నేను, వరంగల్ మిత్రుడు, అతని ఆఫీసులో పనిచేసే కేబెక్ అమ్మాయి, గుంటూరు అన్నయ్య. మాలో అసలు అనుభవం ఉన్నది ఆ అమ్మాయికే. అన్నయ్యకు ఈత రాదు. పులిహోర, ఫ్లాస్కులో మిరియాల చారు, మా బట్టలు, ఇవే ఆయన బాధ్యతలు.

చిన్నప్పుడు కాలువలో ఈత నేర్పేటప్పుడు తాతయ్య నా నడుముకు ఎండు సొరబుర్రలు కట్టేవాడు, తేలడానికి. ఇప్పుడు డబ్బిచ్చి మరీ సీసం కట్టుకుంటున్నాను, మునగడానికి. సముద్రంలో కన్నా మంచినీళ్ళలో తక్కువ బరువు సరిపోతుంది. కాని డ్రై సూట్ లోపలి గాలి, ఉన్ని బట్టలు ఆ లాభాన్ని మింగేసి ఇంకా అడుగుతాయి. ఒళ్ళంతా పొడిగా ఉంటుంది, ముఖమూ చేతులూ తప్ప. చేతులకు కూడా పొడిగా ఉండే గ్లోవ్స్ అద్దెకు దొరుకుతాయి. "రెండు పూటలకు అంత డబ్బా?" అని మామూలు తడి గ్లోవ్స్ తీసుకున్నాను. కేబెక్ అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది, ఏమీ అనలేదు.

ఉదయం లోతైన చోటికి. నయాగరా టూ అనే ఓడను 1999లో డైవర్ల కోసమే ఇక్కడ ముంచారు. అడుగు సుమారు 30 మీటర్లు. దిగగానే పెదవులు మొద్దుబారాయి, నోట్లో రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, ఉందో లేదో నాలుకతో తడిమి చూసుకోవలసి వచ్చింది. వేసవిలో అయితే పైన గోరువెచ్చన, కింద చలి. ఈ నెలలో ఆ తేడా లేదు. నీళ్ళు అన్నిటికన్నా బరువెక్కేది నాలుగు డిగ్రీల దగ్గర. మంచు కరిగిన తర్వాత సరస్సంతా కలిసిపోయి పైనుంచి కింద వరకు దాదాపు ఆ నాలుగు డిగ్రీలే ఉంటుంది. తాడు పట్టుకుని దిగుతూ ఎన్నిసార్లు చూసినా, లోతూ ఉష్ణోగ్రతా చూపే నా చేతి కంప్యూటర్‌లో అదే అంకె.

నీళ్ళలో మాటలన్నీ చేతులతోనే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నానని. అరచేతిని అటూ ఇటూ ఊపితే తేడాగా ఉందని. పది నిమిషాలకు నా సున్నా చుట్టుకోవడం మానేసింది. వేళ్ళు కలిశాయో లేదో కళ్ళతో చూస్తే తప్ప తెలియడం లేదు. చలి నాకు నొప్పి పెట్టలేదు, నన్ను మూగవాణ్ణి చేసింది.

సరిగ్గా అప్పుడు, 18 మీటర్ల దగ్గర, వరంగల్ మిత్రుడి నోటి నుంచి బుడగలు తెరలు తెరలుగా లేచాయి. ఫ్రీ ఫ్లో. సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గి వ్యాకోచించేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది. రెగ్యులేటర్‌లో మంచు కట్టి కవాటం తెరుచుకునే ఉండిపోతుంది, గాలి ధారగా పోతూనే ఉంటుంది. చల్లటి గాలిలో పడవ మీదే దాన్ని నోట పెట్టుకుని పీల్చవద్దనీ, గట్టిగా ఊపిరి తీస్తూ అదే క్షణంలో సూట్‌లోకి గాలి వదలవద్దనీ ఆ అమ్మాయి ముందే చెప్పింది. వాడు రెండూ చేశాడు. అతని పక్కన ఉన్నది నేను. నా అదనపు రెగ్యులేటర్‌ను క్లిప్పు నుంచి లాగి అతనికి ఇవ్వాలి, ఎన్నోసార్లు సాధన చేసిన పనే. లాగాను. రాలేదు. నిజానికి నేను లాగుతున్నది క్లిప్పును కాదు, దాని పక్కన వేలాడుతున్న గొట్టాన్ని. వేళ్ళు ఆ సంగతి నాకు చెప్పలేదు. ఈలోగా ఆ అమ్మాయి వచ్చి తనది అతని నోటికి అందించి, అతని సిలిండర్ మూసి, తాడు వెంట తొందర లేకుండా పైకి తీసుకువెళ్ళింది. నేను వెనకాల వచ్చాను, సామానులా.

పడవ మీద ఎవరూ మాట్లాడలేదు. నా బకిల్ కూడా అన్నయ్యే విప్పాడు. "పట్టుకో" అని చారు గ్లాసు ఇస్తే రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాను. కాసేపటికి వరంగల్ మిత్రుడే నవ్వాడు: "ఒరేయ్, నువ్వు నన్ను కాపాడుతున్నావని అనుకుని ధైర్యంగా ఉన్నాను."

మధ్యాహ్నం అతను దిగలేదు. నేను దిగాను, ఈసారి గ్లోవ్స్‌లో వేడినీళ్ళు పోసుకుని. బిగ్ టబ్ రేవులో ఆరు మీటర్ల లోతునే స్వీప్‌స్టేక్స్ ఉంది. 1867లో కట్టిన రెండు తెరచాప స్తంభాల ఓడ, పొడవు 36 మీటర్లు. 1885లో కోవ్ ద్వీపం దగ్గర దెబ్బతింటే ఈ రేవుకు లాక్కొచ్చారు, ఇక్కడే మునిగింది. దాని సమీపంలోనే 1907లో కాలిపోయిన సిటీ ఆఫ్ గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఆవిరి ఓడ అవశేషం.

ఆ కాలిన ఓడ దగ్గరికి వెళ్ళనే లేదు. స్వీప్‌స్టేక్స్ పక్కనే ఉండిపోయాను. పలకలు పలకల్లాగే ఉన్నాయి. ముందు భాగంలో లంగరు తాడు చుట్టే యంత్రం, నిన్న ఎవరో వదిలి వెళ్ళినట్టు. ఉప్పునీటిలో కర్రను తొలిచే ఓడపురుగు మంచినీళ్ళలో బతకదు. చలి కుళ్ళును నెమ్మది చేస్తుంది. గోదావరి ముఖద్వారాన కోరంగిలో ఒకప్పుడు ఎన్ని ఓడలు కట్టారు! వాటిలో ఒక్క పలక అయినా ఇలా ఉంటుందా అనిపించింది. లోపలికి వెళ్ళడం నిషేధం, తాకకూడదు. తాకాలన్నా నా వేళ్ళకు తెలిసేది కాదు గనుక చేతులు కట్టుకుని, గుడిలో ప్రదక్షిణ చేసినట్టు రెండుసార్లు చుట్టి వచ్చాను.

రాత్రి మోటెల్ గదిలో అన్నయ్య కుక్కరు పెట్టాడు. చెంచాలు ఉన్నాయి గాని అందరం చేత్తోనే తిన్నాం. నిరుటి ఆవకాయ కలిపిన వేడి అన్నం. మొదటి ముద్ద కలుపుతుంటే చూపుడువేలి పక్కన భగ్గుమంది. ఎప్పుడు తెగిందో, గోరు పక్కన చిన్న గాటు. కారం తగిలేదాకా తెలియలేదు. అమ్మకు ఫోను చేస్తే, "ఏం చేస్తున్నావు?" అంది. వేలు మండుతోందని చెప్పాను.