ప్లాట్‌ఫారం లేచింది, స్టేషన్ కుంగింది

మహబూబ్‌నగర్, గద్వాల వైపు పోయే లైన్‌లో పాత స్టేషన్ కట్టడం ఎక్కడన్నా మిగిలి ఉంటే ముందు చూడాల్సింది కమానులు కాదు, గడప. ప్లాట్‌ఫారం మీది నుంచి గదిలోకి దిగి పోవాల్సి వస్తే అది చాలామటుకు మీటర్ గేజ్ (రెండు పట్టాల నడుమ మీటరు ఎడం ఉండే లైన్) నాటిదే.

కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. అక్కడి నుంచి దక్షిణానికి నైజాం రైల్వే వేసింది 1000 మి.మీ. వెడల్పు మీటర్ గేజ్. బోగీలు చిన్నవి, ప్లాట్‌ఫారం పట్టా మీద అడుగుకు అటూ ఇటూ ఉంటే సరిపోయేది. 1990ల్లో లైన్ 1676 మి.మీ. బ్రాడ్ గేజ్ అయింది. ఎత్తు ప్లాట్‌ఫారానికి ఇప్పటి కొలత 760 నుంచి 840 మి.మీ. అంటే అడుగున్నర దాకా మట్టి పోసి పెంచాలి. ప్లాట్‌ఫారం లేచింది గానీ గోడలు లేవవు కదా! పునాది అరుగు మాయమై, వరండా స్తంభాలు పొట్టివైపోయాయి.

అసలు చిక్కు వాన నీళ్లతో. సామాను బండ్లు పట్టాల మీదికి దొర్లకుండా ప్లాట్‌ఫారం వాలు ఎప్పుడూ పట్టాలకు అవతలి వైపే, సుమారు 60కి 1 చొప్పున ఇస్తారు. ఆ నీళ్లన్నీ నేరుగా స్టేషన్ గోడకే చేరతాయి. గోడ వెంబడి కాలువ తీయకపోతే తేమ పైకి పాకుతుంది. డంగు సున్నంతో కట్టిన గోడ ఆ తేమను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంట్ పూత వేశారంటే తేమ లోపలే ఇరుక్కుని, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. మళ్లీ సిమెంటే పూయడం దండగ. పాత పూత గీకేసి సున్నంతోనే పూయాలి.

ఇనుప దూలాల నడుమ ఇటుక కమానులు పేర్చిన కప్పయితే దూలం కిందివైపు వెడల్పు అంచును చూడండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఇటుకను నెడుతుంది, దూలం వెంబడే పొడుగ్గా పగులు వస్తుంది.

నల్లగొండలో ఇవేవీ వెతకక్కర్లేదు. బీబీనగర్–నడికుడి లైన్ మొదటి నుంచీ బ్రాడ్ గేజే.

కట్టడం వయసు తెలియాలంటే షెడ్డుకు నిలబెట్టిన పాత పట్టాలు చూడాలి. పట్టా నడుము మీద తయారీదారు పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో ఉబ్బెత్తు అక్షరాల్లో అచ్చుపడి ఉంటాయి. అయితే లైన్‌లో అరిగిపోయిన పట్టాలే స్తంభాలయ్యేవి కాబట్టి షెడ్డు ఆ సంవత్సరం తర్వాతిదని మాత్రమే చెప్పగలం. రంగు పొరల కింద అక్షరాలు కనబడకపోతే గీకకండి, టార్చి పక్కవాటుగా వేస్తే నీడల్లో తేలతాయి.