రిపోర్టు నార్మల్, కడుపు మాత్రం కాదు: అదే పరీక్ష మళ్లీ చేయించాలా?

నెలల తరబడి ఉబ్బరం, విరేచనాలు, మంట. పరీక్షలో ఏమీ లేదన్నారు, బాధేమో తగ్గలేదు. ఇంకోసారి చేయిద్దామా అనిపించడం సహజమే. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు పాత రిపోర్టు బయటికి తీయండి. మొదటిసారి పరీక్ష సరిగ్గా జరిగిందా అన్నది సగం అందులోనే తేలిపోతుంది. మిగతా సగం ఆ రోజుల్లో మీరేం మాత్రలు వేసుకుంటున్నారు, ఏం తింటున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని ఎవరూ రాసిపెట్టుకోరు, అక్కడే చిక్కు.

హెలికోబ్యాక్టర్ పైలోరి అనే, కడుపులో పుండ్లు తెచ్చే క్రిమి కోసం చేసే బ్రీత్ టెస్టునే (ఊపిరి పరీక్ష) తీసుకోండి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతుంటే ఆ క్రిమి చావదు గానీ బాగా అణిగిపోతుంది, టెస్టుకు దొరకదు. అందుకే ఆ మాత్రలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్, బిస్మత్ మందులు నాలుగు వారాల ముందు ఆపమంటారు. గ్యాస్ మాత్ర ఉన్నట్టుండి ఆపితే కొద్దిరోజులు మంట ముందుకంటే ఎక్కువవుతుంది. తట్టుకోలేక పరీక్షకు రెండ్రోజుల ముందు ఒకటి వేసేసుకుంటారు, ఆ సంగతి చెప్పరు. ఈ తప్పు ఎక్కువగా ఒకవైపే జరుగుతుంది: మాత్ర వాడుతూ పాజిటివ్ వస్తే సాధారణంగా నమ్మొచ్చు, నెగటివ్ వస్తే నమ్మలేం. అలాంటి నెగటివ్‌ను మళ్లీ చేయించాల్సిందే. ఆ మధ్యలో మంటకు ఏం వాడుకోవచ్చో ముందే అడిగి పెట్టుకోండి. అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్లు, ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు గ్యాస్ మాత్రను సొంతంగా ఆపకూడదు.

ఆ క్రిమిని చంపే మందుల కోర్సు పూర్తయ్యాక అది పోయిందో లేదో చూడాలన్నా కనీసం నాలుగు వారాలు ఆగాలి. దానికి రక్తపరీక్ష పనికిరాదు. క్రిమి పోయినా దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి.

సీలియాక్ సంగతి ఇంకా తిరకాసు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు ఇది. గోధుమ మానేస్తే హాయిగా ఉందని మానేసి, ఆరు నెలల తర్వాత టీటీజీ రక్తపరీక్షకు, అంటే ఈ జబ్బులో పెరిగే యాంటీబాడీలను చూసే పరీక్షకు వెళ్తారు. నెగటివ్ వస్తుంది. రాక ఏం చేస్తుంది? గ్లూటెన్ లోపలికి వెళ్లకపోతే యాంటీబాడీలు తగ్గిపోతాయి. అదే తిండి మీద పదిసార్లు చేయించినా జవాబు మారదు. పరీక్షకు విలువ ఉండాలంటే మళ్లీ గోధుమ తినాలి: సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజుకు కనీసం రెండు బ్రెడ్ ముక్కలంత. అంత బాధ పడలేమంటే డీక్యూ2, డీక్యూ8 జన్యుపరీక్ష ఉంది. దానికి తిండితో సంబంధం లేదు. ఆ రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి అవి ఉంటాయి. పాత రిపోర్టులో టోటల్ ఐజీఏ (టీటీజీ పరీక్ష వెతికే యాంటీబాడీల రకం, ఒంట్లో మొత్తం ఎంతుందో) కూడా ఉందేమో చూడండి. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువ, వాళ్లలో మామూలు టీటీజీ జబ్బున్నా నెగటివ్ చూపిస్తుంది.

మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాస్తే పెరిగే ప్రొటీన్) గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 50కీ 250కీ మధ్య వస్తే కంగారుపడి కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష) పరుగెత్తక్కర్లేదు, ముందు మళ్లీ చేయించాల్సింది దీన్నే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఈ అంకెను పెంచుతాయి. వాటిని ఆపి కొన్ని వారాలాగి, అదే ల్యాబులో ఇవ్వండి. కిట్టు మారితే అంకె మారుతుంది, రెండింటినీ పోల్చలేం.

కొలనోస్కోపీ రిపోర్టులో గొట్టం సీకం దాకా, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటు దాకా వెళ్లిందా చూడండి. తర్వాత బోస్టన్ స్కోరు. పెద్దపేగు మూడు భాగాలకూ శుభ్రతను బట్టి 0 నుంచి 3 దాకా వేస్తారు. ప్రతి భాగానికీ 2 తగ్గకుండా రావాలి. 3, 3, 1 అని ఉంటే మొత్తం 7 అయినా చాలదు. ఆ 1 వచ్చిన చోట మలం కింద పాలిప్ (పేగు గోడ మీది చిన్న కండ) కనబడకుండా పోవచ్చు. అన్నీ బాగుండి నీళ్ల విరేచనాలు మాత్రం ఆగకపోతే బయాప్సీ తీశారా అని అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్‌లో పేగు కంటికి మామూలుగానే ఉంటుంది, ముక్క తీసి చూస్తే తప్ప బయటపడదు.

ఇవేవీ తేడాగా లేకపోతే డాక్టర్ని ఒక్కటి అడగండి: ఈసారి పాజిటివ్ వస్తే ఏం మారుస్తారు, నెగటివ్ వస్తే ఏం మారుస్తారు? రెండింటికీ అదే మందైతే ఆ పరీక్ష వద్దు. సీటీ స్కానైతే మరీ వద్దు, రేడియేషన్ అదనం.

ఈ లెక్కలేవీ వర్తించని సందర్భాలున్నాయి: కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం లేదా నల్లటి విరేచనం, ఐరన్ తగ్గి రక్తహీనత, మింగడం కష్టమవడం, నిద్రలోంచి లేపే విరేచనాలు. పాత రిపోర్టు ఎంత శుభ్రంగా ఉన్నా ఇవి కొత్తగా మొదలైతే ఆగకుండా వెళ్లండి. అప్పుడు చేయాల్సింది పాత పరీక్షే కాకపోవచ్చు కూడా.