ఆటో మాన్పించి సైకిలు కొనిచ్చాను

మా ఇంటికీ అమ్మాయి చదివే బడికీ మధ్య దూరం ఒకటిన్నర కిలోమీటరు. ఆ కాస్త దూరానికి నాలుగేళ్లపాటు నెలనెలా ఆటోకు డబ్బు కట్టాము. డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు, వెనుక ఒకరి ఒడిలో ఒకరుగా మరో పదిమంది, బయట వేలాడే పుస్తకాల సంచులు: కందుకూరులో ఉదయం ఎనిమిదిన్నరకు ఏ వీధిలో నిలబడినా ఇదే కనిపిస్తుంది. అమ్మాయి ఏడో తరగతికి వచ్చాక ఆటో మాన్పించి కొన్నాళ్లు నడిపించాను. దసరా సెలవుల తరువాత సైకిలు కొనిచ్చాను.

ఐదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి చురుకైన శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషను ముగించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? ఒకటిన్నర కిలోమీటరు నడకకు ఇరవై నిమిషాలు పడుతుంది, రానూపోనూ నలభై. ఆటస్థలం లేని బడిలో చదివే పిల్లకు ఆ గంటలో మూడింట రెండు వంతులు దారిలోనే సమకూరుతాయి. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంలో ఉన్నవి మసకగా కనిపించడం) ముప్పు తగ్గుతుందన్నది కూడా నాకు చిన్న విషయంగా తోచలేదు.

అయినా నా చేత ఈ పని చేయించింది ఆ లెక్కలు కాదు. నేను హైస్కూలుకు రోజూ మూడు కిలోమీటర్లు చెరువుకట్ట మీదుగా నడిచినవాణ్ణి. ఏ చేను ఎవరిదో, ఏ తుమ్మచెట్టు కింద ముళ్లుంటాయో, సంక్రాంతి దాటాక ఏ బ్యారన్‌లో (వేడి పెట్టి పొగాకు ఆరబెట్టే కొట్టంలో) పొగాకు కాలుస్తున్నారో వాసనను బట్టి చెప్పగలిగేవాళ్లం. ఆటోలో వెళ్లినన్నాళ్లూ మా అమ్మాయికి తన వీధి చివర ఏముందో తెలియదు. ఇప్పుడు కార్తీక మాసపు వానలకు ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో, ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉంటే ఆగాలో తనే చూసి తేల్చుకుంటోంది.

ఆడపిల్లల విషయంలో సైకిలు ఇంకా పెద్ద పని చేస్తుంది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్ల కోసం ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఆ పథకం వల్ల హైస్కూలులో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని, బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువగా కనిపించిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ తేల్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ బడికొస్తా పేరుతో ప్రభుత్వ పాఠశాలల అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు.

నా భయాలు నాకున్నాయి. ఒంటిపూట బడుల రోజుల్లో మిట్టమధ్యాహ్నపు ఎండలో పిల్లను ఒంటరిగా తిరిగి రమ్మనలేను. అప్పుడు నేనే వెళ్లి తీసుకువస్తాను. పామూరు రోడ్డు దాటే చోటు మరీ కష్టం. అక్కడ స్పీడ్ బ్రేకర్ వేయమని ఇచ్చిన అర్జీకి ఇంతవరకు జవాబు రాలేదు. అందుకని మా వీధిలోని ముగ్గురం తండ్రులం వంతులు వేసుకుని, ఉదయం పావుగంట సేపు ఆ రోడ్డు పక్కన నిలబడి పిల్లలను దాటిస్తున్నాము. మొదట్లో ఇద్దరు పిల్లలే ఉండేవారు, ఈ వారం ఏడుగురయ్యారు.