వెయ్యి పోగుల దుప్పటి

ఇవాళ సెలవు పెట్టాను. కారణమేమీ లేదు, మిగిలిన సెలవులు మురిగిపోతున్నాయంతే. పొద్దున్నే మంచం మీది దుప్పటి తీసి ఉతికి, ఆరేస్తూ ఆరేస్తూ పాత సంగతి గుర్తొచ్చి నా మీద నాకే నవ్వొచ్చింది.

పోయినేడాది ఆఫీసు పని మీద వెళ్లి ఒక పెద్ద హోటల్లో ఒక్క రాత్రి పడుకున్నాను. ఆ తెల్ల దుప్పటి చల్లగా, కొత్త నోటులా పెళపెళలాడుతూ ఉంది. ఇంటికొచ్చి మూడు రోజులు దాని గురించే మాట్లాడానట, అక్క చెప్తుంది. నాలుగో రోజు 'వెయ్యి థ్రెడ్ కౌంట్' అని పెద్దక్షరాలతో రాసున్న దుప్పటి ఒకటి కొనేశాను. ధర ఇక్కడ రాయను, సిగ్గు. మొదటి రెండు రాత్రులు మహారాణిలా పడుకున్నాను. మూడో వారానికి తెలిసొచ్చింది. వీపు తడిసిపోతోంది, గుడ్డ ఒంటికి అంటుకుపోతోంది, ఉతికితే బండరాయంత బరువెక్కి ఓ పట్టాన ఆరదు.

ఓ రోజు విసుగొచ్చి, అంచు కుట్టు దగ్గర వేలాడుతున్న పోగొకటి లాగి, కిటికీ దగ్గర నిలబడి గోళ్లతో పురి విప్పాను. లోపల ఒకటి కాదు, నాలుగు! వెంట్రుకల్లాంటి నాలుగు పేటల్ని మెలేసి ఒక పోగు చేశారు. థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో నిలువుగా ఉండే పడుగు పోగులు, అడ్డంగా ఉండే పేక పోగులు కలిపి ఎన్నున్నాయన్న లెక్క. పేటల్ని కూడా విడివిడిగా లెక్కేస్తే 250 కాస్తా 1000 అయిపోతుంది. అబద్ధమనడానికీ లేదు, నిజమనడానికీ లేదు. హోటళ్లలో మామూలుగా కనిపించేది 200, 300 మధ్యదే. పెర్కేల్ అంటారు గానీ సాదా నేతే అది, ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా. గాలాడుతుంది, ఆ చల్లదనం అందుకే. నేను కొన్నది శాటీన్ నేత. నాలుగు పోగుల మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది కాబట్టి నున్నగా మెరుస్తుంది, వెచ్చగానూ ఉంటుంది. ఇక ఆ పెళపెళ అంటారా, అందులో ఇస్త్రీ మహిమ కూడా ఉంది. ఇప్పుడు నా మంచం మీద ఉన్నది పెర్కేల్, దానికి పెట్టింది మొదటిదాంట్లో సగం కూడా లేదు.

మధ్యాహ్నం అక్కతో బయట భోజనం. రాత్రిపూట అయితే మేమిద్దరం మెనూ కార్డు గుమ్మం దగ్గరే చదివేసి వెనక్కొచ్చే చోటు అది. పనిదినం మధ్యాహ్నం సెట్ మెనూ మాత్రం అందుబాటులోనే ఉంటుంది. వంటగది అదే, వండే చేతులూ అవే. వాళ్లకి అద్దె, జీతాలు ఎలాగూ తప్పవు, ఖాళీ కుర్చీ కంటే తక్కువిచ్చే మేము నయం కదా. అంతా బాగానే ఉందనుకుంటుండగా అక్క విడిగా ట్రఫుల్ ఆయిల్ చల్లిన ఫ్రెంచ్ ఫ్రైస్ చెప్పింది. ప్లేటు రాకముందే వాసనొచ్చేసింది.

"ఎంత ఘాటుగా ఉందో చూడవే, అసలు సరుకు!"

నోరు మూసుకోవాల్సింది, మూసుకోలేదు. ఆ ఘాటు చూస్తేనే నాకు అనుమానం అన్నాను. ట్రఫుల్ అనేది ఓక్, హేజెల్ లాంటి చెట్ల వేళ్లను పట్టుకుని భూమిలోపల పెరిగే ఫంగస్, కుక్కలు వాసన పట్టి వెతికిపెడతాయి. దాని పరిమళంలో చాలా రకాల పదార్థాలు కలిసుంటాయి, అవి తొందరగా ఎగిరిపోతాయి. నెలల తరబడి సీసాలో ఘుమఘుమలాడే నూనెల్లో ఎక్కువవాటికి ఆ వాసన ల్యాబులో తయారైన 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనం నుంచే వస్తుంది. ఇదంతా చెప్పాక అక్క నా వైపు ఓ చూపు చూసి "బిల్లు నాది, తిను" అంది. తిన్నాను. ఉప్పు బాగా కుదిరింది, సగం పైన నేనే లాగించాను.

తింటుండగా అక్క నా దుప్పటి కథ తీసింది. "మొదటి రెండు రాత్రులు బాగుందన్నావుగా, అది బడాయేనా?" కాదు, నిజంగానే బాగుంది! 2008లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. మెదడును స్కాన్ చేస్తూ ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లని, ఇంకోసారి 90 డాలర్లని చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు జనం ఎక్కువ బాగుందన్నారు, మెదడులో ఇష్టానికి సంబంధించిన చోటు కూడా ఎక్కువ చురుగ్గా పనిచేసింది. అంటే నటన కాదు. ధర చీటీ కూడా రుచి ఇస్తుంది, కాకపోతే నా దుప్పటి విషయంలో ఆ రుచి రెండు రాత్రులకే అయిపోయింది.

సాయంత్రం ఇద్దరం మా ఇంట్లో టూర్ ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాం. ఊలాంగ్ టీ పెట్టాను, పొడి కాదు, ముడుచుకున్న ఉండల్లాంటి ఆకు. వేడినీళ్లలో ఒక్కో ఉండా బద్ధకంగా విచ్చుకుని, చివరికి కాడతో సహా పూర్తి ఆకై కూర్చుంటుంది. డబ్బా ఖరీదు చూసి అక్క గుండె పట్టుకుంది. 3 గ్రాములు వేసి మూడుసార్లు నీళ్లు పోసుకోవచ్చు కాబట్టి 100 గ్రాములకి వంద కప్పుల దాకా వస్తాయని లెక్కచెప్తే కాస్త తేరుకుంది.

టూర్ దగ్గర మాత్రం నా తెలివి చెల్లలేదు. సీజన్ అయిపోయిన రెండు వారాలకి వెళ్దాం, అదే గది, అదే సముద్రం, ధర బాగా తగ్గుతుంది, జనమూ ఉండరు అన్నాను. వ్యాపారస్తులు దిగే హోటళ్లు శనాదివారాల్లో, విహారానికెళ్లేవి వారం మధ్యలో చవకవుతుంటాయని కూడా ఊదరగొట్టాను. అక్క అంతా విని "మరి పిల్లల స్కూలు?" అంది. అక్కడ ఆగిపోయాను. ఈ చిట్కాలన్నీ తేదీలు చేతిలో ఉన్నవాళ్లకే. ఇవాళ్టి భోజనం చవకైందన్నానా, దానికి నేనో సెలవు ఖర్చుపెట్టాను, అక్క పక్కింటావిడకి పిల్లల్ని అప్పజెప్పి వచ్చింది. చివరికి సెలవుల్లోనే వెళ్దామని, అన్ని రాత్రులూ మామూలు గదిలో ఉండి ఆఖరి రాత్రి ఒక్కటీ మంచి హోటల్లో దిగుదామని తేల్చాం. మొదటి రాత్రే మంచిది తీసుకుంటే తర్వాతి గదులన్నీ మొహం మొత్తుతాయని అక్క వాదన. ఒప్పుకున్నాను.

అక్క వెళ్లాక దుప్పటి తెచ్చి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ పెట్టాను. ఇస్త్రీ బల్లేమీ లేదు నాకు, భోజనాల బల్ల మీద మెత్తగా ఏదైనా పరుచుకోవాలి. నాలుగు మడతలేస్తే బాగా దళసరిగా ఉంటుంది, వేడికి బల్ల పాడవదు, అందుకని ఆ వెయ్యి థ్రెడ్ కౌంట్ దుప్పటే పరుస్తున్నాను.