నాయనమ్మ జడ వేస్తుండగా

కెమెరా కనపడితే చాలు, మా అమ్మ చేతిలో పని ఆగిపోతుంది. కొంగు సర్దుకుని, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడుతుంది. ఆమెను తప్పుపట్టలేను. ఆమె తరానికి ఫొటో అంటే స్టూడియోలో తెర ముందు కూర్చుని "కదలకండి" అనిపించుకోవడమే. ఇంట్లో కెమెరా ఉన్నవారు కూడా, ఒక రీలుకు 36 ఫొటోలే కనుక, పెళ్ళికో పుట్టినరోజుకో తప్ప దాన్ని బీరువాలోంచి బయటికి తీసేవారు కాదు. అందుకే మా ఆల్బముల్లో అమ్మమ్మ ఎప్పుడూ పట్టుచీరలోనే కనిపిస్తుంది. పెరటి పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తున్న అమ్మమ్మ, అంటే నేను రోజూ చూసిన అమ్మమ్మ, ఒక్క ఫొటోలోనూ లేదు.

ఆ లోటు మా పాపకు మిగలకూడదని, ఉదయం ఏడున్నరకు అమ్మ దానికి బడి జడలు వేసే పది నిమిషాలను ఫొటోలు తీయాలనుకున్నాను. మొదటి రోజే "నా వైపు చూడకండి" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట లేదు. ఇద్దరూ నన్ను తప్ప ఇల్లంతా చూశారు, మెడలు మాత్రం కర్రల్లా బిగుసుకుపోయాయి. ఈ మధ్య పెళ్ళిళ్ళలో క్యాండిడ్ ఫొటోలకంటూ, అంటే పోజు లేకుండా సహజంగా ఉన్నప్పుడు తీసే ఫొటోలకంటూ, విడిగా మనిషిని పెట్టుకుంటున్నారు. వారిలో ఓపికగా కాచుకునేవారు లేకపోలేదు గానీ, పెళ్ళికొడుకును కిటికీ పక్కన నిలబెట్టి "అటు చూసి నవ్వండి సార్" అనేవారినీ చూశాను. నేను చేసిందీ అదే.

వీధుల్లో ఫొటోలు తీసిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరిసే భాగాలు ఎవరి కంటా పడకుండా నల్ల టేపు అంటించేవారు. వీధిలో సరే, పది అడుగుల వంటింట్లో ఏ టేపు నన్ను దాచుతుంది? పోనీ తలుపు చాటు నుంచి జూమ్ చేసి తీద్దామంటే, కన్నతల్లిని దొంగచాటుగా చూస్తున్నట్టు అనిపించి మనసొప్పలేదు. ఇక మిగిలిన దారి, కెమెరా కూడా ఇంట్లో కాఫీ గ్లాసులాంటి వస్తువైపోయేదాకా దాన్ని రోజూ పట్టుకుని అక్కడే కూర్చోవడం. వారం రోజులు దాదాపు ఏమీ తీయలేదు. పదో రోజో పన్నెండో రోజో అమ్మ తల తిప్పకుండానే "ఒరేయ్, ఆ రిబ్బను ఇలా అందుకో" అంది. కెమెరా చేతిలో ఉన్న మనిషికి పని చెప్పిందంటే కెమెరాను మరిచిపోయిందన్నమాట.

వెలుతురు మాత్రం చాలా రోజులు ఏడిపించింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది; ఊగిన ప్రతిసారీ వెలుగు రెండుసార్లు తగ్గుతుంది కనుక మా పాత ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు గానీ, చప్పుడు రాకూడదని, ఫొటోను ఒక్కసారిగా కాక వరుస తర్వాత వరుసగా నమోదు చేసే ఎలక్ట్రానిక్ షట్టరు పెట్టి సెకనులో 250వ వంతుకు తీస్తే ఫొటోకు అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. వేగం తగ్గిస్తే కుదురుగా ఉండని పాప తల చెదిరిపోయేది. చివరికి లైటు ఆర్పేసి, వాళ్ళిద్దరూ కూర్చునే పీటలను తూర్పు కిటికీ దగ్గరికి జరిపాను. నేను కల్పించింది ఏదైనా ఉంటే ఆ ఒక్కటే.

నాకు దక్కిన ఫొటోలో అమ్మ ఎర్ర రిబ్బను కొసను పళ్ళ మధ్య కరిచిపట్టి, ఎడమచేత్తో మూడు పాయలూ బిగించి పట్టుకుంది. చిక్కు లాగినప్పటి నొప్పికి పాప ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఒళ్ళోని ఇడ్లీ ముక్కను చూసుకుంటోంది. కొబ్బరినూనె రాసిన పాపిట మీద కిటికీ వెలుగు సన్నని గీతలా పడింది.

ఏది తీసినా ముందు అమ్మకు చూపించాలని, ఆమె వద్దంటే తీసేయాలని మా మధ్య ఒప్పందం ఉంది. "నైటీలో ఉన్నవి గ్రూపులో పెట్టావంటే ఊరుకోను" అని ముందే చెప్పింది. ఈ ఫొటోను ప్రింటు వేయించి ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏమంటుందోనని ఎదురుచూశాను.

"దువ్వెనకు మూడు పళ్ళు ఊడిపోయాయిరా, సాయంత్రం వచ్చేటప్పుడు కొత్తది పట్రా" అంది.