రాజు మూలకి చేరాక

నిన్న రాత్రి చేతిలోకొచ్చిన చెస్ ఆటని డ్రా చేసుకున్నాను. ఓడిపోయినా ఇంత ఉడుకుమోత్తనం ఉండేది కాదు.

అవతలి మనిషికి మిగిలింది ఒంటరి రాజు. నాకు రాజూ, మంత్రీ. (ఆన్‌లైన్‌లో అందరూ క్వీన్ అంటారు గానీ నా నోటికి మంత్రే వస్తుంది.) ఇలాంటప్పుడు ఒక తేలిక కిటుకు ఉంది. ఎదుటి రాజుకి గుర్రపు గెంతు దూరంలో (రెండు గళ్ళు నేరుగా, ఒకటి పక్కకి) మంత్రిని నిలబెట్టాలి. తర్వాత ఆ రాజు ఎటు ఒక గడి జరిగితే మంత్రినీ అటే ఒక గడి జరపాలి. అలా వెంటపడుతుంటే రాజు పోయి పోయి మూలలో ఇరుక్కుంటాడు.

ఎదుటి రాజు హెచ్7 గడిలో ఉన్నాడు, నా మంత్రి జీ5లో. రాజు హెచ్8కి వెళ్ళాడు. గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అయినా అర సెకను కూడా ఆగకుండా మంత్రిని జీ6కి జరిపాను. స్టేల్‌మేట్! రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. చెరి అర పాయింటు.

కిటుకులో రెండో సగం ఒకటుంది మరి. రాజు మూలకి చేరగానే వెంటపడటం ఆపేసి, మంత్రిని కదపకుండా మన రాజుని నడిపించుకుంటూ రావాలి. ఆ సగం కూడా చదివాను. చదివినట్టు బాగా గుర్తుంది కూడా!

చెస్‌లో నన్ను చావగొట్టేదీ, మళ్ళీ కూర్చోబెట్టేదీ ఇదే. పాచికలు లేవు, ముక్కలు పంచేవాళ్ళు లేరు. ఎదుటివాడి దగ్గర ఏముందో నాకు మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. అయినా కనిపించదు.

మూడేళ్ళుగా నా రేటింగ్ 1150 చుట్టూ తిరుగుతోంది. ఈ రేటింగులు కట్టే ఎలో లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే పైవాడికి నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు రావాలి. కానీ యాప్ నాకు ఎప్పుడూ నా ఈడుజోడు వాళ్ళనే వెతికి పెడుతుంది. కాస్త మెరుగుపడ్డానంటే ఇంకాస్త గట్టివాళ్ళని తెస్తుంది. అంటే ఎంత నేర్చుకున్నా దాదాపు సగం ఆటలు ఓడాల్సిందే. ఇది అర్థమయ్యాక టెన్షన్ కొంత తగ్గింది.

2006లో జర్మనీలోని బాన్‌లో, అప్పటి ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాంతో ఆడుతూ ఒక్క ఎత్తులో పడే ఆటకట్టుని చూసుకోలేదు. తన మంత్రిని ఈ3లో పెట్టాడు, ఆ ప్రోగ్రాం హెచ్7లో ఆట కట్టేసింది. అంతటివాడికే తప్పలేదని ఓదార్చుకోబోయాను. కానీ ఆయనకి జరిగితే ఇన్నేళ్ళయినా చెప్పుకుంటున్నారు. నాకు వారం వారం జరిగేదే.

ఆట అయ్యాక కంప్యూటర్‌తో తప్పులు వెతికించుకోవడం నాకు ఆట కంటే ఇష్టం. ఎర్రటి ప్రశ్న గుర్తులు అలవాటే. కిందటి నెల ఒక ఎత్తుకి మాత్రం రెండు ఆశ్చర్యార్థకాలు పడ్డాయి, అంటే అద్భుతమైన ఎత్తని. గుర్రాన్ని బలిచ్చానట! ఎదుటి ఏనుగు దాన్ని చంపితే వెనక వరుసకి కాపలా పోతుంది, నా ఏనుగు అక్కడికి దిగుతుంది, సొంత బంట్ల వెనకే నిలబడ్డ రాజుకి ఆట కట్టు.

నిజం చెప్పాలంటే ఆ గుర్రం చావుకి సిద్ధంగా ఉందని నేను గమనించనే లేదు. ఎదుటివాడు మాత్రం నాకేదో పెద్ద పన్నాగం ఉందని జడిసి, దాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు. అయినా ఆ రాత్రి చెక్క బోర్డు తీసి ఆ ఎత్తులన్నీ వరసగా పేర్చి చూశాను. మూడోసారికి, ఆ ఏనుగు ఎందుకు కదలకూడదో నాకే అర్థమై నవ్వొచ్చింది.